తారిణి వెల

మదన్‌మోహన్ హైదరాబాద్ నుంచి కారులో వచ్చేసరికి, శ్వేత హాల్లో దుప్పటి పరిచి బొమ్మలన్నీ పేర్చి పెట్టింది. అంతరిక్ష సైనికులు, రోబోలు, నాలుగు చేతుల గ్రహాంతరవాసులు. అన్నీ అరచేతి పొడవు ప్లాస్టిక్ బొమ్మలే. ఆమె భర్త బసవరాజ్ చిన్నతనంలో టీవీలో 'గగన్‌దళ్' అని ఒక హిందీ సీరియల్ వచ్చేది. ఆ పేరు మీద బొంబాయి కంపెనీ ఒకటి ఈ బొమ్మలు చేసి, కొన్నాళ్లకే మూతపడింది. ఇప్పుడు వాటి కోసం ఊరూరా వెతికేవాళ్లున్నారు. మదన్‌మోహన్ వాళ్లలో ఒకడు.

బసవరాజ్ కిటికీ పక్కన కుర్చీలో ఉన్నాడు. మదన్‌మోహన్ అతని ముందు కింద కూర్చుని చెయ్యి పట్టుకున్నాడు.

"అన్నా, నేను మదన్‌ను. గుర్తువట్టినవా?"

బసవరాజ్ మర్యాదగా నవ్వి శ్వేత వైపు తిరిగాడు. "సిస్టర్, డాక్టర్ సాబ్ వచ్చిండు."

మదన్‌మోహన్ తలెత్తి శ్వేతను చూశాడు.

"నన్ను నర్సు అనుకుంటడు తమ్మీ," అంది శ్వేత. "ఇంటికొచ్చి ఇన్ని నెలలైనా ఇది దవాఖాననే అనుకుంటున్నడు."

జహీరాబాద్ బస్టాండ్ దగ్గర బసవరాజ్‌కు ఫ్లెక్సీలు, పెళ్లికార్డులు ప్రింట్ చేసే షాపు ఉండేది. పోయినేడు చిరాగ్‌పల్లి దగ్గర హైవే మీద అతని బండిని లారీ గుద్దింది. తలకు దెబ్బ. చాలా రోజులు గొంతులో పైపుతోనే ఉన్నాడు. ప్రాణం దక్కింది గానీ అతను మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు. షాపు మూతపడింది. ఫిజియోథెరపీ ఆపే వీలు లేదు. అందుకే శ్వేత తనంతట తానే మదన్‌మోహన్‌కు ఫోన్ చేసి, బొమ్మలకు వెలకట్టి తీసుకుపొమ్మంది.

ఈ బొమ్మల వాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒకప్పుడు బసవరాజ్ మాటే తీర్పు. పాత బొమ్మకు కొత్త రంగేసి, బొమ్మను అంటించే అట్ట కొత్తగా ప్రింట్ చేయించి అసలుదని అమ్మేవాళ్లకు కొదవ లేదు. అతను అట్టను వెలుతురుకు ఏటవాలుగా పట్టి, ఒక కన్ను మూసి, అంచు వెంట చూసేవాడు. అంతే, చెప్పేసేవాడు. మదన్‌మోహన్ ఒకసారి నకిలీ రోబోకు పెద్ద మొత్తం పంపబోతుంటే ఆపింది అతనే. "ఆశతోని చూస్తే ప్రతీది అసలుదే అనిపిస్తది తమ్మీ. ఆశ జర పక్కకు వెట్టి చూడు," అన్నాడు.

మదన్‌మోహన్ భూతద్దం తీసి ఒక్కో బొమ్మనూ చూడడం మొదలుపెట్టాడు. కీళ్లు వదిలాయా, రంగు ఎక్కడ లేచింది, పాదం కింద కంపెనీ ముద్ర ఉందా.

"వదినా, ఈ సిపాయి చేతిల తుపాకి వేరే బొమ్మది."

"ఎరికే. కోహీర్‌ల ఒకాయన దగ్గర దొరికినప్పుడే గట్లున్నది. ఎవరడిగినా ఆ ముచ్చట ముందే చెప్పమనేటోడు ఈయన."

అలా ఇద్దరూ చాలాసేపు చూశారు. బసవరాజ్ బయట వీధిలో పోయే ఆటోలను చూస్తూ కూర్చున్నాడు. చివరికి మదన్‌మోహన్ అడిగాడు. "తారిణి ఏదీ?"

తారిణి ఆ సీరియల్లో అంతరిక్ష నౌక నడిపే అమ్మాయి. ఆడబొమ్మను మగపిల్లలు కొనరని కంపెనీ దాన్ని చాలా తక్కువగా చేసింది. అట్టకు అంటించిన ప్లాస్టిక్ బుడగ చెక్కుచెదరకుండా ఉన్న తారిణి మదన్‌మోహన్‌కు తెలిసి మరొకటి లేదు. పెళ్లైన కొత్తలో బీదర్ వెళ్లినప్పుడు, మూసేస్తున్న ఒక దుకాణం పై అరలో దాన్ని ముందు చూసింది శ్వేతే. ఆ రోజు బసవరాజ్ దుకాణం గడప మీదే కూలబడి నవ్వాడు. ఆ తర్వాత దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు, ఒక్క శ్వేతను తప్ప.

"దాన్ని అమ్మను," అంది శ్వేత. "బాగ ఇష్టమైన వస్తువు చూస్తే ఒక్కోపారి యాదికొస్తదని డాక్టర్ అన్నడు. మిగిలినయన్నీ చూపించిన. ఇదొక్కటే దాచిన."

"ఎందుకు దాచినవ్ వదినా?"

"ఇది చూసినంక గూడ యాదికి రాకపోతే, ఇగ నాకేం మిగుల్తది?"

మదన్‌మోహన్ భూతద్దం పక్కన పెట్టాడు. తర్వాత ఆమే లేచింది. "ఇయ్యాల నువ్వున్నవ్. ధైర్యం చేస్త."

బీరువాలో చీరల మధ్య నుంచి తారిణిని తెచ్చి బసవరాజ్ చేతుల్లో పెట్టింది. నీలం దుస్తుల్లో చిన్న బొమ్మ, గుండ్రటి హెల్మెట్, పైన పారదర్శకమైన బుడగ. బసవరాజ్ దాన్ని తిప్పి చూశాడు. కిటికీ వెలుతురుకు ఏటవాలుగా పట్టాడు. ఒక కన్ను మూసి అంచు వెంట చూశాడు.

శ్వేత మదన్‌మోహన్ భుజాన్ని గట్టిగా పట్టుకుంది.

"సిస్టర్," అన్నాడు బసవరాజ్ కంగారుగా. "ఈ పిల్లకు ఊపిరి ఆడతలేదు."

ఎవరూ కదలకముందే బుడగలోకి వేళ్లు దూర్చి చీల్చేశాడు. ప్లాస్టిక్ చిట్లింది, అట్ట అడ్డంగా చిరిగింది. "అయ్యో అన్నా!" అని చెయ్యి చాపిన మదన్‌మోహన్ మధ్యలోనే ఆగిపోయి ముఖం కప్పుకున్నాడు.

బసవరాజ్ బొమ్మను ఒళ్లో పడుకోబెట్టి, ముఖం మీద మెల్లగా ఊదాడు. "భయపడకు బిడ్డా. పైపు తీసేసిన్రు. ఇగ ఇంటికి పోతవ్."

శ్వేత చిరిగిన అట్ట ముక్కలు ఏరింది. ఎందుకు ఏరుతోందో ఆమెకే తెలియదు.

"వదినా," అన్నాడు మదన్‌మోహన్. "దాన్ని విప్పనట్టే వెల కడ్త. కాదనకు. అన్న కోసం."

"వద్దు తమ్మీ. విప్పింది విప్పిందే. తప్పు వెల కడితే ఊకుంటడా? ఆయనుంటే..."

మాట అక్కడే ఆగిపోయింది. అతను ఎదురుగానే ఉన్నాడు, బొమ్మ చెయ్యి పైకీ కిందికీ ఆడిస్తూ. శ్వేత దుప్పటి మీద, ఆ సిపాయిల మధ్యే కూలబడి గట్టిగా ఏడ్చింది. ప్రమాదం జరిగిననాడు కూడా ఆమె అలా ఏడవలేదు.

బసవరాజ్ భయపడి కుర్చీలోంచి లేవబోయాడు. "డాక్టర్ సాబ్, సిస్టర్‌కు ఏమైంది? జర చూడుండ్రి."

మదన్‌మోహన్ అతన్ని పట్టుకుని కూర్చోబెట్టాడు.

మధ్యాహ్నానికి మిగిలిన బొమ్మలన్నీ కారెక్కాయి. తారిణిని ఎవరూ అడగలేదు. కారు మలుపు తిరిగాక శ్వేత ముఖం కడుక్కుని, జొన్నరొట్టె పప్పులో నలిపి పళ్లెం పట్టుకొచ్చింది.

రెండు ముద్దలు తిన్నాక బసవరాజ్ అడిగాడు. "సిస్టర్, మా శ్వేత వచ్చిందా?"

అతను రోజూ అడిగేదే. 'నేనే శ్వేతను' అని ఆమె రోజూ చెప్పేది. అలా చెప్పిన ప్రతిసారీ అతను కలవరపడి, తినడం మానేసి గోడ వైపు తిరిగేవాడు.

"ఎట్లుంటది మీ శ్వేత?" అంది ఈసారి.

అతను ఆలోచించాడు. మెల్లగా ముఖం విప్పారింది. "మంచిగుంటది. తొందరెక్కువ. పప్పుల ఉప్పు మరుస్తది."

శ్వేత వేలితో పప్పు రుచి చూసింది. ఉప్పు లేదు.

"వస్తది," అంది. "అప్పటిదాంక నేనున్న గదా. తినుండ్రి."

అతను బుద్ధిగా నోరు తెరిచాడు.