నాగేశ్వరి పెళ్ళిచూపుల నాటి మేకప్

చంటాడి అన్నం ముద్ద వేడిగా ఉందని ఊదబోతే గాలి ఎడమ పెదవి మూలనుంచి జారిపోయింది. మళ్ళీ ఊదాను. అంతే. "అన్నం ఊదడానిక్కూడా బద్ధకమేనా తల్లీ!" అన్నారు అత్తగారు. ఎడమ కన్ను సరిగా మూతపడక అప్పటికే ఎర్రబడి ఉంది. నిద్ర చాలకేమో అనుకుంటూ వచ్చాను. అంట్లూ బట్టలూ చంటాడూ, వీటి మధ్య అద్దం చూసుకునే తీరికెక్కడిది?

కంటి డాక్టరు పెద్దాసుపత్రికి పంపారు. ఫిల్మ్‌నగర్‌లో షూటింగ్ లేదని మా ఆయనా వచ్చారు. ఊళ్ళోకి కొత్తగా వచ్చిన స్కానింగ్ మిషన్లో నన్ను పడుకోబెట్టారు. చెవి వెనకాల, పుర్రె అడుగున, ముఖాన్ని కదిలించే నరం మీదే గడ్డ ఉందట. చాలా అరుదట. క్యాన్సర్ కాదు గానీ, వదిలేస్తే మెదడును నొక్కుతుందట. తొమ్మిదో తరగతితో ఆగిన నా చదువుకు అర్థమైంది ఇంతే. డాక్టరు చెప్పినంతసేపూ మా ఆయన వైపే చూశారు.

"ముఖం ఎప్పట్నుంచి ఇలా ఉంది?"

"నెల కూడా కాలేదండీ," అన్నాను.

"లేదు సార్, పోయిన దసరాకే పట్టేశాను." మేకప్‌మాన్ కదా, మా ఆయన గొంతులో కాస్త గర్వం. "అప్పుడు మా చెల్లెలు నాగేశ్వరి పెళ్ళిచూపులు. ఇంట్లో ఏదో రోగముందని పెళ్ళివారు అనుకుంటారని, ఈవిడ ముఖానికి షేడ్ వేసి రెండువైపులా లెవెల్ చేశాను. ఒక్కరూ కనిపెట్టలేదు! ఆర్టిస్టు ముఖంలో లోపముంటే వాళ్ళకి చెప్పం సార్, సరిచేస్తాం. మా పద్ధతంతే."

డాక్టరు కళ్ళజోడు తీశారు. "అప్పుడే తీసుకొస్తే నరం దక్కేదేమో. ఇప్పుడు గడ్డతోపాటు కోసేసి, వేరే నరం అతకాలి. మునుపటి నవ్వు మాత్రం రాదు."

ఆ మధ్యాహ్నం కళ్ళముందుకొచ్చింది. యూసుఫ్‌గూడ ఇంట్లో కిటికీ పక్కన కూర్చోబెట్టి, గడ్డం పట్టుకుని, ఊపిరి తగిలేంత దగ్గరగా వంగి నా ముఖం దిద్దారు. "హీరోయిన్లేం పనికొస్తారే నీ ముందు," అన్నారు. పెళ్ళయ్యాక నన్ను అంతసేపు చూసింది అప్పుడే. కడుక్కోబుద్ధి కాలేదు. తర్వాత అత్తగారు ఏమన్నా ఆ మధ్యాహ్నాన్ని తలుచుకునే ఓర్చుకున్నాను. ప్రేమనుకున్నాను.

"భయపడకు. ఆపరేషనయ్యాక కూడా ఎవరికీ తెలియనివ్వను, నేనున్నాగా," అంటూ మా ఆయన నా చెంప మీద చెయ్యి వెయ్యబోయారు. తల పక్కకు తిప్పుకున్నాను. చంటాణ్ణి ఆయన ఒళ్ళో పెట్టి, కుర్చీ డాక్టరు బల్ల దగ్గరికి లాక్కున్నాను.

"సార్, ఇక ఏదైనా నాకే చెప్పండి," అన్నాను. "ఈయనకు చెబితే నాకు తెలియదు."