పదిసార్లు గదాధర

రామకృష్ణప్ప గులాబీ కొమ్మను కత్తిరించి, పెదవులు కదుపుతూనే పక్క మొక్కకు జరిగాడు. తమిళనాడు సరిహద్దులో తళి దగ్గర, గులాబీలు పెంచే ప్లాస్టిక్ కప్పు పాలీహౌస్‌లో పన్నెండేళ్లుగా ఆఖరి వరస అతనిదే. పొట్టి మనిషి, నెరిసిన మీసం, ముళ్లు గీరిన బొటనవేళ్లు. పనితోపాటే విష్ణువు నూటెనిమిది నామాలు లోలోపల సాగాలి. అందరికీ పది నిమిషాలు పట్టే నామాలు అతనికి ఎండెక్కేదాకా తెమలవు. ఎంత నిదానపు భక్తో అని పక్క వరసలో పనిచేసే నళిని నవ్వుకునేది.

ఆ రోజు ఏకాదశి. రామమందిరంలో నామాలు చదివే సుబ్బరాయుడికి గొంతు పట్టేసింది. "ఈ పొద్దు నువ్వు చదువప్పా" అని కబురు పంపాడు. నలుగురిలో చదవడం రామకృష్ణప్పకు అదే మొదలు. ఉతికిన పంచె కట్టుకుని సాయంత్రం బస్సుకే వచ్చి, తమిళ అక్షరాల పుస్తకం తెరిచాడు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. అతనికి వచ్చిన అక్షరాలు అవే.

కేశవ, నారాయణ బాగానే దాటాయి. తర్వాత "కదాదర" అన్నాడు. మళ్లీ అన్నాడు. ఐదోసారికి ఆడవాళ్లు మొహాలు చూసుకున్నారు. పదోసారికి పిల్లలు పడీపడీ నవ్వారు. నళిని లేచి పుస్తకంలోకి తొంగిచూసింది. ఆ పేరులో అక్షరాల నెత్తిన చిన్న అంకెలున్నాయి: మూడు, మూడు, నాలుగు.

"ఎన్నిసార్లు అనాలో అచ్చేసుండారు గదమ్మా. కూడితే పది" అన్నాడతను.

"సార్లు కాదప్పా. తమిళంలో 'గ'కు వేరే అక్షరం లేదు గదా. 'క' మీద మూడుంటే ఆ వరసలో మూడోది, 'గ' అని చదవల్ల. గదాధర."

అతని మొహం పాలిపోయింది. పన్నెండేళ్ల నామాలు ఒక్కసారిగా కొట్టుకుపోయాయనిపించి భయం వేసింది.

"అయితే ఇన్నేండ్లూ దేవునికి ఏమీ ముట్టలేదా స్వామీ?"

పక్కనే కూర్చున్న సుబ్బరాయుడు బొంగురు గొంతుతోనే నవ్వాడు. "మేము ఒక్కసారి పిలిచి ఊరుకున్నాము. నువ్వు పదిసార్లు పిలిచినావు. ఆయప్ప నీ తట్టే తిరిగి ఉంటాడు పో."

అందరికంటే గట్టిగా రామకృష్ణప్పే నవ్వాడు. నళిని అందిస్తుంటే నామాలన్నీ ఒక్కొక్కసారే చదివి ముగించాడు. గుడి మెట్లు దిగుతూ, "మన అక్షరాలు నేర్పించమ్మా, అంకెలు లేనివి" అన్నాడు. మరునాడే ఆమె ఒక పలక కొనితెచ్చింది.

మూడు వారాలు తిండివేళల్లో దిద్దాడు. ఒక సోమవారం పనికి రాలేదు. తెల్లవారుజామున నిద్రలోనే పోయాడని కబురొచ్చింది. నళిని ఏడ్చింది, ఆ పదిసార్లూ గుర్తొచ్చి ఏడుపులోనే నవ్వింది.

ఆఖరి వరస చివర, నీళ్ల పైపుకు ఆనించి పలక ఉంది. దాని మీద వంకరగా, పెద్దగా: గ గ గ.