చేతి నలుపు

మూడోసారి గోరు విరిగింది గానీ కత్తి తెరుచుకోలేదు.

"గోళ్ళు కూడా అయిపోతే ఇక పళ్ళతో లాగుతావా ఏంట్రా?" అంది వంటింట్లోంచి అక్క.

"పళ్ళెక్కడున్నాయక్కా, సగం ఫ్యాక్టరీకే ఇచ్చొచ్చాగా" అన్నాడు సానపట్టే మనిషి. నవ్వబోయాడు. ఆ నవ్వు కాస్తా దగ్గయింది. భార్య వచ్చి అతని వీపు మీద అరచెయ్యి వేసి, దగ్గు తెరిపి ఇచ్చేదాకా అలాగే నిలబడింది. వారానికి ఒక్క సెలవు ఆమెకు. పొద్దున్నుంచీ నీళ్ళు మోసి, బట్టలుతికి, మిట్టమధ్యాహ్నం వేళకి రేకుల పంచలో అతనికి రెండో చెయ్యిగా వచ్చి నిలబడింది.

ఇంటి వెనకున్న ఆ పంచే వాళ్ళ పనిచోటు. ఒక బల్ల, దానికి బిగించిన వైసు, ఇనుము అరగదీసే నాలుగు ఉక్కు ఆకురాళ్ళు, పాత కుట్టుమిషను మోటారుకి ఒకవైపు సానరాయి, ఇంకోవైపు మెరుగుపెట్టే గుడ్డచక్రం. ఫ్యాక్టరీలో పని ఉన్న రోజుల్లో సరదాకి పెట్టుకున్నాడు. ఇప్పుడు ఇరుగుపొరుగు కత్తిపీటలు, కత్తెరలు దీని మీదే సానపడతాడు. ఆ పూటకి కూరగాయలొస్తే అదే గొప్ప. ఛాతీకి ఫోటో తీయించి, "నీకు విశ్రాంతి కావాలోయ్" అని ఫ్యాక్టరీవాళ్ళు అతన్ని గేటు బయటికి పంపేశారు. విశ్రాంతికి జీతం ఉండదన్న సంగతి మాత్రం నెల తిరిగాక తెలిసింది.

ఈ జేబుకత్తి ఫ్యాక్టరీ పెట్టిన పెద్దాయనది. మడిచి అరచేతిలో దాచుకునేంత. బ్లేడు తుప్పుతో అతుక్కుపోయింది, వెనక స్ప్రింగు రెండు ముక్కలైంది, కొమ్ము పిడి పగిలింది. కొడుకు, అంటే ఇప్పటి యజమాని, దాన్ని తన గదిలో అద్దాల పెట్టెలో పెట్టుకోవాలని ముచ్చట పడ్డాడట. ఫ్యాక్టరీ మేస్త్రీ తెచ్చి ఇచ్చాడు.

"అయ్యగారు చూసి ఆహా అనాలి, అంతే. టూల్‌రూములో కుర్చీ ఖాళీ అవుతోంది. కూర్చుని చేసే పని, దుమ్ముండదు, ధూళుండదు. మిగతాది నేను చూసుకుంటాగా" అన్నాడు వెళ్తూ వెళ్తూ.

ఆ కుర్చీ మాట విన్నప్పటినుంచి అతనికి ఆకలేస్తోంది. అదే ఆమెకి ఆశ్చర్యం. నెలల తరబడి గంజి కూడా సరిగా దిగని మనిషి, మారు వడ్డించమని అడిగాడు.

కిరసనాయిల్లో నానబెట్టిన కత్తిని వైసులో బిగించి, ఇరుసు మేకుని సన్న ఉలితో తట్టాడు. ఆమె రెండు చేతులా పిడిని అదిమిపట్టింది. మేకు ఊడి కిందపడింది. బ్లేడు కిర్రుమంటూ బయటికొచ్చింది. స్ప్రింగుకి కావలసిన ఉక్కు కొనాలంటే ఆమె రెండు రోజుల కూలి. అతను తనకున్న వాటిలో మంచి ఆకురాయిని తీసి చూసి, కాసేపు చేతిలో తిప్పి, నిప్పుల్లో పెట్టాడు.

"అదెందుకయ్యా? దాంతోనే గదా నాలుగు కత్తెరలు చేసేది."

"టూల్‌రూములో ఇలాంటివి గోడనిండా వేలాడుతుంటాయే పిచ్చిదానా."

మెత్తబడ్డ ఉక్కుని సానరాయి మీద అరగదీయాల్సి వచ్చింది. ఆమె తడిగుడ్డ అతని ముక్కుకీ నోటికీ కట్టింది. తీసి చూస్తే లోపలివైపు కూడా బూడిదరంగే. పాత స్ప్రింగు ఆకారానికి తెచ్చాక ఎర్రగా కాల్చి నూనెలో ముంచాడు. మళ్ళీ సన్నసెగ మీద పెట్టి, ఉక్కు మీద నీలిరంగు తిరిగేదాకా రెప్ప వేయలేదు. ఆ రంగు అందకపోతే పుటుక్కున విరుగుతుంది, దాటితే మెత్తబడి ఊరుకుంటుంది. పగిలిన పిడిలో కొమ్ముపొడి, జిగురు కలిపి కూరాడు. పొద్దువాలేసరికి బ్లేడు తెరిచి మూశాడు. తెరిచి మూశాడు. చంటిపిల్లాడికి గిలక్కాయ దొరికినట్టయింది.

"ఇక నీ చెయ్యి పడాలి" అన్నాడు ఆమెతో.

అదే ఫ్యాక్టరీలో, సామాన్లకి మెరుగుపెట్టే బఫింగు షెడ్డులో ఆమె పేరు అద్దం. ఆమె మెరుగు పెట్టిన గరిటెలో ముఖం చూసుకుని బొట్టు పెట్టుకోవచ్చని తోటివాళ్ళు అనే మాట. ఆ పేరు ఊరికే రాలేదు. ముక్క మీద ఆవగింజంత నలుపు కనిపించినా సగం రోజు కూలి కోత అని షెడ్డు గోడ మీద బోర్డు ఉంది. అందుకని నలుపు కనబడితే ఆమె కంటికి నిద్ర పట్టదు. కత్తిలో తుప్పు పోయింది గానీ బ్లేడంతా మాడిన గిన్నెలా ఉంది. పిడి మీద బొటనవేలు ఆనే చోట పల్లం పడి, జిడ్డు పట్టి, నల్లగా నిగనిగలాడుతోంది. ఆమె గుడ్డచక్రానికి మెరుగుసబ్బు పట్టించి మొదలుపెట్టింది. నలుపంతా కరిగి ఆమె వేళ్ళకి అంటింది. పల్లం దగ్గర మరింత ఒత్తిపట్టి చదును చేసింది.

ఆడపడుచు వంటింట్లోంచి వచ్చి కత్తిని ఎత్తి ముఖం చూసుకుంది. "ఓసి నీ దుంపతెగ! ఇంత ముసలిదాన్నయ్యానని ఇన్నాళ్ళూ ఒక్కరూ చెప్పలేదేమే?"

ముగ్గురూ నవ్వారు. ఆ ఇంట్లో నవ్వు విని పక్కింటావిడ తలుపు తీసి తొంగిచూసింది.

మర్నాడు మేస్త్రీ ఆమెని అయ్యగారి గదికి తీసుకెళ్ళాడు. ఆయన కత్తిని అటూ ఇటూ తిప్పాడు. కోప్పడలేదు. ముఖం మాత్రం తప్పిపోయిన పిల్లాడిలా అయిపోయింది.

"ఇది మా నాన్నది కాదు."

"అదేనండయ్యా" అంది ఆమె.

"నాన్న వేలు పెట్టే చోట గుంట ఉండేది. నల్లగా. ఆయన చేతి చెమట అది, ఆయన పడ్డ కష్టం. ఏదీ అది?"

"ఏదమ్మా?" అన్నాడు మేస్త్రీ, ఆమె కొంగున కట్టుకుపోయినట్టు.

"తీసేశానండి."

"ఎవరు తియ్యమన్నారు?"

"నలుపు కనిపిస్తే కూలి కోస్తారండి. గోడ మీద బోర్డుంది."

ఎదురు చెప్పాలని అనలేదామె. అడిగారు కాబట్టి చెప్పింది. అయ్యగారు ఆమెవైపు చూశాడు. చక్రం దగ్గర పదేళ్ళు నానిన ఆమె గోళ్ళ సందుల్లో ఏ సబ్బుకీ వదలని నలుపు ఉంది. ఆయన చూపు అక్కడిదాకా రాలేదు.

"అది వేరు, ఇది వేరు" అన్నాడు చివరికి. కత్తిని మేస్త్రీ చేతిలో పెట్టి, "ఎలాగోలా మునుపటిలా చేయించు" అని కాగితాల్లో తలదూర్చాడు.

ఆమె తిరిగి షెడ్డుకి పోతుంటే టూల్‌రూము తలుపు తీసుంది. కుర్చీలో మేస్త్రీ బావమరిది కూర్చుని గోళ్ళు కత్తిరించుకుంటున్నాడు.

"ఈయనెప్పుడు చేరాడు?" అని ఊడ్చే ముసలమ్మని అడిగింది.

"శనివారమేగా చేరింది. అప్పటినుంచీ ఆ గోళ్ళు తెగుతూనే ఉన్నాయి తల్లీ" అంది ముసలమ్మ.

శనివారం. వీళ్ళు ఆకురాయిని నిప్పుల్లో పెట్టింది ఆదివారం.

ఆ మాట చెప్పేయాలనే ఇంటికొచ్చింది. తీరా వచ్చేసరికి ఆడపడుచు పాతచీర మడతలు పెట్టి దిండు కుడుతోంది. రోజంతా చెక్క కుర్చీలో కూర్చుంటే తమ్ముడి నడుము నొప్పెడుతుందట. అతను మంచం మీద లేచి కూర్చుని, "ఏమన్నారే?" అన్నాడు. ఊపిరి అందక ఆ రెండు ముక్కలకే ఆయాసపడ్డాడు. ఆమె కొంగుతో అతని నుదురు తుడిచింది.

"చూస్తామన్నారు."

దీపాలు పెట్టే వేళకి మేస్త్రీ వచ్చాడు. ఒక చేతిలో కత్తి, ఇంకో చేతిలో బిరడా బిగించిన సీసా.

"ఏమయ్యా, కొంప ముంచారు గదా! అయ్యగారికి పాత నలుపే కావాలట. ఈ యాసిడ్ పట్టించు, బ్లేడు నల్లబడుతుంది. పిడి మీద గుంట చెక్కి, కాస్త మసీ నూనే రుద్దు. వాళ్ళ నాన్న వేలే అనుకుంటాడు."

"అదెంత పని!" అని అతను మంచం దిగాడు. గోడ పట్టుకుని నిలదొక్కుకున్నాడు. "మరి ఆ కుర్చీ..."

"ఇది కానీ. కుర్చీ ఎక్కడికి పోతుంది?"

ఆమె గుమ్మానికి అడ్డంగా వచ్చి నిలబడింది. "ఆ సీసా లోపలికి తేవద్దు మేస్త్రీగారూ. దాని పొగ పీలిస్తే ఈ మనిషి మిగలడు."

"తప్పుకోవే" అన్నాడు భర్త. "నువ్వు చేసిన పాపం నేను కడుక్కుంటానంటే మధ్యలో నీదేంటి? నా నోటి దగ్గర కూడు తన్నేస్తావా?"

పెళ్ళయినప్పటినుంచీ అతను అంతమాట అనలేదు. ఆడపడుచు సూది ఆపి, "పోనీలేవే, పెద్దవాళ్ళతో మనకెందుకు" అని గొణిగింది. ఆమె కదల్లేదు.

"ఏమ్మా అద్దం," అన్నాడు మేస్త్రీ, మెల్లగా. "రేపు షెడ్డుకి రావాలని ఉందా, లేదా?"

ఉంది. ముగ్గురి తిండీ ఆ షెడ్డులోంచే వస్తోంది.  అయినా ఆమె గుమ్మం వదల్లేదు.

"టూల్‌రూములో కుర్చీ ఎవరిదో ఆయనకి చెప్పండి మేస్త్రీగారూ. నేను చెప్పలేకపోయాను. మీ నోటితో చెప్పండి. విన్నాక కూడా చేస్తానంటే, సీసా నేనే అందిస్తాను."

మేస్త్రీ సీసా బిరడాని ఇంకోసారి బిగించాడు.

సీసా కోసం చాచిన చెయ్యి చాచినట్టే ఉంది భర్తది. ముందు భార్యని చూశాడు, తర్వాత మేస్త్రీని. ఇదేదో తనకి అర్థంకాని హాస్యమన్నట్టు పెదాల మీద ఇంకా కాస్త నవ్వు ఉంది.

"ఎవరిదండీ?" అన్నాడు.