ఊదారంగు దిష్టిచుక్క

పంచాయతీ నుంచి పుట్టిన తేదీ కాగితం తేవాలి. అందులో ఉన్న తండ్రి పేరూ, పదో తరగతి మెమోలో ఉన్న తండ్రి పేరూ ఒకే మనిషివని ప్రమాణపత్రం రాయించాలి. ఇంతవరకు పెళ్ళి కాలేదని తహసీల్దారు దగ్గర సర్టిఫికెట్ తీసుకోవాలి. అన్నింటినీ ఇంగ్లీషులోకి మార్పించాలి. మార్చినవాళ్ళు ముద్ర వేయాలి. ఆ ముద్ర నిజమేనని నోటరీ ఇంకో ముద్ర వేయాలి. నోటరీ నిజమేనని హైదరాబాదులో ఒక ముద్ర, హైదరాబాదు నిజమేనని ఢిల్లీలో మరొకటి. పోర్చుగల్ చేరాక వాటిని మళ్ళీ అక్కడి భాషలోకి మార్పించాలి. ఇదంతా జమున సెలవు అయిపోకముందే జరగాలి.

జమునా, అక్కడ ఆమె చేసుకోబోయేవాడూ ఒకరినొకరు ఇష్టపడ్డారని చెప్పే కాగితం మాత్రం ఈ వరుసలో ఎక్కడా లేదు. దాన్ని ఎవరూ అడగలేదు.

నేను ఒక స్టాంపు ప్యాడ్‌ని. అరచేతిలో ఇమిడే రేకు డబ్బా, లోపల ఉన్ని మెత్త, దాని మీద సన్నటి గుడ్డ, ఆ గుడ్డ నిండా ఊదారంగు సిరా. ఇంతకు మించి నా దగ్గర ఏమీ లేదు. కానీ నన్ను ముట్టకుండా ఈ దేశంలో పుట్టినవాడు పుట్టినట్టు కాదు, పోయినవాడు పోయినట్టు కాదు. ఈ మాట గర్వంతో చెప్పడం లేదు. ఎన్నో చేతులు నా మీద బరువు మోపి వెళ్ళాయి కాబట్టి చెబుతున్నాను.

హైదరాబాదులో ఒక ఇరుకు సందులో, రేకు కత్తిరించే చప్పుడు మధ్య పుట్టాను. నాకు గుడ్డ చుట్టిన ఆడమనిషి చేతులు మోచేతుల దాకా ఊదారంగులో ఉండేవి. అక్కడి నుంచి నిజామాబాదు వైపు ఒక చిన్న పట్నంలో పుస్తకాల దుకాణానికి చేరాను. దస్తావేజులు రాసే విఠల్ సారు నన్ను కొనుక్కుని రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు వేపచెట్టు కింద తన బల్ల మీద పెట్టుకున్నాడు. అక్కడే నేను మనుషులను చదవడం నేర్చుకున్నాను.

సంతకం వచ్చినవాళ్ళు నా వైపు చూడరు. కలం మూత తీసి, కాగితం మీద గాలిలో రెండుసార్లు తిప్పి, అప్పుడు గీస్తారు. వేలిముద్ర వేసేవాళ్ళు మాత్రం ముందు చుట్టూ చూస్తారు, ఎవరైనా చూస్తున్నారా అని. వేసిన తర్వాత ఆ సిరాను ఏం చేయాలో వాళ్ళకు తోచదు. గోడకు రాస్తారు, చెట్టుకు రాస్తారు, బల్ల అడుగున రాస్తారు, ఎక్కువమంది తలలో రుద్దుకుంటారు. ఆస్తి అమ్మినవాడి తలలోనూ కొన్నవాడి తలలోనూ నా రంగే ఉండేది. ఇంటికి వెళ్ళి స్నానం చేస్తే పోతుందనుకునేవాళ్ళు. అంత తొందరగా పోయే రంగు కాదు నాది.

విఠల్ సారు చూపు మందగించాక బల్ల ఎత్తేశాడు. పక్క గదిలో కొత్తగా అనువాదాల పని మొదలుపెట్టిన సుగుణకు నన్ను ఇచ్చి వెళ్ళాడు. సుగుణ వాళ్ళ ఇంట్లో డిగ్రీ దాకా చదివిన మొదటి మనిషి. కాగితం అంటే ఆమెకు భయమూ భక్తీ రెండూ ఉండేవి. ఒక మాట మార్చడానికి ముందు ఆ మాటను పెదవులతో పలికి చూసుకునేది. ముద్ర వేసే ముందు రబ్బరు స్టాంపును నా మీద మెల్లగా అద్దేది, పసిపిల్ల నుదుట బొట్టు పెట్టినట్టు. కొడుకుల దగ్గరికి పోయే తల్లుల కాగితాలు, గల్ఫ్‌లో చనిపోయినవాళ్ళ కాగితాలు, చదువులకు పోయేవాళ్ళ మార్కుల కాగితాలు, అన్నీ మా మీదుగానే పోయాయి.

అట్లా వచ్చింది జమున.

జమునది పట్నానికి దగ్గరలోని రేకులపల్లి. నర్సింగు చదివి, పోర్చుగల్‌లో సముద్రపు ఒడ్డున ఒక వృద్ధాశ్రమంలో పనిచేస్తోంది. అక్కడే పడవలు బాగుచేసే తియాగో అనే అతనితో పెళ్ళి అనుకుంది. అతని నానమ్మకు ఆమె సేవ చేసిందట, అట్లా పరిచయం. ఫోనులో అతని ఫొటో చూపిస్తే సుగుణ, "మన బుడ్డగోచి కట్టిస్తే చేపలోడనే అనుకుంటరు," అంది. జమున చాలాసేపు నవ్వింది. తర్వాత సుగుణ చేయవలసిన పనులన్నీ వరసగా చెప్పింది. జమున నవ్వు ఆగిపోయింది.

అన్నీ నెమ్మదిగా కుదురుతూ వచ్చాయి. పెళ్ళి కాలేదన్న సర్టిఫికెట్ దగ్గరే బండి ఆగింది.

ఆ సర్టిఫికెట్ కావాలంటే తహసీల్దారు కింద పనిచేసే గిర్దావర్ ఊరికి వచ్చి విచారణ చేయాలి. ఇంటివాళ్ళ మాట చెల్లదు, ఇరుగుపొరుగు చెప్పాలి. జమున పట్నంలో మా గదిలో ఉన్న రోజు ఆయన రేకులపల్లికి వెళ్ళాడు. కొత్తగా బదిలీ మీద వచ్చిన మనిషి, ఊరివాళ్ళను ఎరుగడు. జమున ఇంటికి ఎదురింట్లో ఒక ముసలామె గడపలో కూర్చుని బీడీలు చుడుతోంది. ఈ పిల్లకు పెళ్ళయిందా అని ఆమెనే అడిగాడు. అయిందని ఆమె చెప్పింది. ఎవరితో అంటే, నా కొడుకుతోనే, తొట్టెలలో ఉన్నప్పుడే నా కోడలు అంది. కొడుకు ఏడి అంటే, పోయిండు అంది. గిర్దావర్ అన్నీ రాసుకున్నాడు. పెళ్ళయినది, భర్త చనిపోయినాడు.

ఆ ముసలామె పేరు బుచ్చవ్వ. జమునకు సొంత మేనత్త, తండ్రికి అక్క.

మర్నాడు మండలం ఆఫీసులో జమునకు ఈ సంగతి తెలిసింది. అక్కడి గుమాస్తా మంచివాడే, ఒక ఉపాయం కూడా చెప్పాడు. ఎందుకమ్మా ఈ తిప్పలు, ఆ చనిపోయిన ఆయనతో పెళ్ళయినట్టు ఒక కాగితం, ఆయన చనిపోయినట్టు ఒక కాగితం తెచ్చుకో, వితంతువుకు మళ్ళీ పెళ్ళి చేసుకోవడానికి ఏ దేశంలోనూ అడ్డు లేదు అన్నాడు. జరగని పెళ్ళికి కాగితం తేవడం, జరగలేదన్న కాగితం కన్నా ఆయనకు సులువుగా కనిపించింది. జమున లేచి వచ్చి మా గదిలో కూర్చుంది. సుగుణ నీళ్ళిచ్చింది. తాగలేదు.

ఇక మిగిలింది ఒక్కటే దారి. బుచ్చవ్వ గిర్దావర్ ముందర మళ్ళీ చెప్పాలి, పెళ్ళి కాలేదని. రాసిన కాగితం కింద వేలిముద్ర వేయాలి. వేయకపోతే సెలవు అయిపోతుంది, అక్కడ పెళ్ళికి ఇచ్చిన తారీకు దాటిపోతుంది, కాగితాలన్నీ పాతబడిపోతాయి. సుగుణ వాంగ్మూలం రాసి, నన్ను సంచిలో వేసుకుని జమునతో బయలుదేరింది.

బుచ్చవ్వ ఇంటి ముందర రేకుల పందిరి. చాటలో తునికాకు, తంబాకు, దారపు ఉండ. గిర్దావర్‌కు కుర్చీ వేశారు, చాయ ఇచ్చారు. తన మూలంగా ఇంత జరిగిందని ఆయనకు లోపల ఇబ్బందిగా ఉన్నట్టుంది, చాయ గ్లాసులోకే చూస్తూ కూర్చున్నాడు. సుగుణ నన్ను బయటికి తీసి మూత తెరిచి గడప మీద పెట్టింది. అక్కడి నుంచి అన్నీ చూశాను, అన్నీ విన్నాను.

బుచ్చవ్వ కొడుకు రాజేశం. ఉయ్యాలలో ఉన్నప్పుడే జమున అతనిదని మాట అనుకున్నారు. మామూలుగా అట్లాంటి మాటలు పెద్దయ్యాక నవ్వులాటగా మిగిలిపోతాయి. వీళ్ళది మిగిలిపోలేదు. ఇద్దరికీ ఇష్టమే. పూలుపండ్లు పెట్టుకుని సంబంధం ఖాయం కూడా చేసుకున్నారు. ఇంతలో జమునకు నర్సింగులో సీటు వచ్చింది. పెళ్ళి చేసి పంపిద్దామన్నారు పెద్దలు. రాజేశమే అడ్డం పడ్డాడు. పెళ్ళయితే ఇల్లూ పొయ్యీ మెడకు పడతాయి, సదువు అటకెక్కుతది, అయినంక చేసుకుంటం అన్నాడు. హాస్టలుకు ఆమె ట్రంకుపెట్టె తనే సైకిలు మీద కట్టుకుని పోయాడు. చదువు ఆఖరుకు వస్తుండగా, వానాకాలంలో ఒక పొద్దున పొలం కాడ మోటరు పెట్టబోయి కరెంటు కొట్టి పోయాడు.

అప్పటి నుంచి బుచ్చవ్వ జమునను నా కొడుకు పెళ్ళాం అనే అంటుంది. ఊళ్ళో ఎవరూ కాదనలేదు. ఒంటరి మనిషి, ఆ మాట ఒక్కటీ ఆమెకు ఎందుకు లేకుండా చేయాలి అనుకున్నారు. జమున కూడా కాదనలేదు.

సుగుణ కాగితం చదివి వినిపించింది. జమున నా తమ్ముని బిడ్డ. ఈమెకు ఇంతవరకు ఎవరితోనూ పెళ్ళి జరగలేదు. ఇంతకుముందు నేను పొరపాటున చెప్పినాను.

"పొరపాటున జెప్పలే బిడ్డా," అంది బుచ్చవ్వ. చుడుతున్న బీడీ కింద పెట్టలేదు. "నా నోటికి అట్లనే అలవాటైంది."

"సరే అవ్వా, అలవాటుగా చెప్పిన అని రాస్త," అని సుగుణ ఆ మాట కొట్టేసి పైన రాసింది.

"ఎవరితోని గాలేదని రాస్తివి గదా. రాజేశంతోని గాలేదని రాయరాదు? గట్లన్న వాని పేరు ఉంటది."

సుగుణ కలం ఆగిపోయింది. ఆమెకు రాయాలనే ఉంది. కానీ ఆ కాగితం ఏయే బల్లల మీదుగా పోతుందో ఆమెకు తెలుసు. "పేరు రాస్తే ఆ రాజేశం ఎవరని అడుగుతరు అవ్వా. ఆయన కాగితాలు తెమ్మంటరు."

"వానివి ఏమున్నయి? ఒక్కటే ఉంది. సచ్చిపోయిన కాగితం."

అప్పుడు జమున ఆమె పక్కన కింద కూర్చుంది.

"అత్తా, నీకు మనసొప్పకుంటె వద్దు. నేను తియాగోకు చెప్త."

"ఏమని జెప్తవ్?"

"మా అత్త ఇంకా ఒప్పుకోలేదని."

"ఆయిన ఏమంటడు?"

"ఒప్పుకునేదాక ఆగుతా అంటడు. గట్లాంటి మనిషే."

బుచ్చవ్వ చేతిలో బీడీ అప్పుడు కింద పెట్టింది. జమున మొహంలోకి చూసింది.

"ఆగుడు మంచిది గాదు బిడ్డా. నా కొడుకు ఆగిండు," అంది. తర్వాత నా వైపు చేయి చాపింది. "ఇటు దే ఆ డబ్బ."

ఆమె బొటనవేలు నా మీద ఆనింది. ఎన్ని వేళ్ళు చూశానో, అంత నున్నటి వేలు చూడలేదు. బతుకంతా ఆకు చుట్టీ చుట్టీ గీతలన్నీ అరిగిపోయాయి. కాగితం మీద పడింది ముద్ర కాదు, ఒట్టి మరక. మళ్ళీ వేసింది, మళ్ళీ మరకే. "మిషిను కూడ నన్ను పట్టదు," అంది బుచ్చవ్వ. "పింఛను కాడ నెలనెలా గిదే పంచాయితి. నేను ఉన్ననో లేనో దానికి ఎరుకలేదు." గిర్దావర్ మొదటిసారి నవ్వాడు.

జమున లేచి లోపలికి పోయి సబ్బు, వేడినీళ్ళు తెచ్చింది. అత్త చేయి ఒళ్ళో పెట్టుకుని తంబాకు మడ్డి పోయేదాకా కడిగింది. తువ్వాలుతో తుడిచింది. కొబ్బరినూనె చుక్క రాసి, వేలు చివర మెత్తబడేదాకా రెండు చేతుల మధ్య పెట్టి పాముతూ కూర్చుంది. వృద్ధాశ్రమంలో ముసలివాళ్ళకు ఆమె రోజూ చేసే పనే అయి ఉంటుంది. కానీ ఎవరూ తొందరపెట్టలేదు. గిర్దావర్ రెండో చాయ కూడా తాగాడు. చివరికి నూనె తుడిచేసి, వేలును తనే పట్టుకుని నా మీద మెల్లగా దొర్లించి, కాగితం మీద దొర్లించింది. ఈసారి గీతలు పడ్డాయి. సన్నగా, అక్కడక్కడా తెగిపోయి, కానీ పడ్డాయి.

సుగుణ బట్టముక్క అందించింది. బుచ్చవ్వ తీసుకోలేదు. గోడకు రాయలేదు, తలలో రుద్దుకోలేదు. ఇంకా తడిగా ఉన్న ఆ వేలిని జమున చెంప మీద, చెవికి దగ్గరగా ఆనించింది. పెళ్ళికూతురికి దిష్టిచుక్క పెట్టినట్టు.

"నల్లది గాకున్న ఏం గాదు," అంది.

నా సిరా ఎన్ని కాగితాల మీద పడిందో నాకు గుర్తులేదు. మనిషి చెంప మీద పడడం అదే మొదలు. జమున దాన్ని తుడుచుకోలేదు. పట్నం దాకా బస్సులో అట్లాగే వచ్చింది. టికెట్లు కొట్టే ఆయన ఏదో అంటుకుందమ్మా అని చెప్పినా, తెలుసని తల ఊపింది.

సర్టిఫికెట్ వచ్చింది. సుగుణ దాన్నీ, వాంగ్మూలాన్నీ ఇంగ్లీషులోకి మార్చింది. తెలుగులో బుచ్చవ్వ మాటలు నాలుగు వరుసలు ఉంటే ఇంగ్లీషులో మూడే వచ్చాయి. వేలిముద్ర ఉన్నచోట, ఇక్కడ వేలిముద్ర ఉన్నది అని కుండలీకరణంలో రాసింది. దాన్ని అంతకు మించి ఎట్లా మార్చాలో ఆమెకు తెలియలేదు. తర్వాత తన స్టాంపును నా మీద అద్ది కాగితం మీద వేసింది. నోటరీ వేశాడు, హైదరాబాదు వేసింది, ఢిల్లీ వేసింది. ఇన్ని ముద్రలు కలిసి గట్టిగా చెప్పినది ఒక్కటే, ఆ పిల్లకు పెళ్ళి కాలేదని. ఎందుకు కాలేదో ఏ ముద్రా అడగలేదు.

కొన్నాళ్ళకు సుగుణ ఫోనులోకి పెళ్ళి ఫొటో వచ్చింది. ఏదో ఆఫీసు బల్ల ముందు జమున పట్టుచీరలో, పక్కన కోటు వేసుకున్న తియాగో. సుగుణ ఫొటోను వేళ్ళతో పెద్దది చేసి చెవి దగ్గర చూసింది. అక్కడ ఒక చుక్క ఉంది. ఏ సిరాతో పెట్టుకుందో మరి. ఫోను పట్టుకుని సుగుణ ఆ సాయంత్రమే రేకులపల్లికి వెళ్ళింది, బుచ్చవ్వకు చూపించడానికి.

ఇప్పుడు సుగుణ దగ్గర లోపలే సిరా ఉండే కొత్త స్టాంపు ఉంది. దానికి నా అవసరం లేదు. నేను అరలో పిన్నుల డబ్బా పక్కన ఉన్నాను. గుడ్డ ఎండి గట్టిపడింది. మధ్యలో చిన్న గుంట ఒకటి అట్లాగే నిలిచిపోయింది, ఒక అరిగిన వేలు ఆనినచోట. సుగుణ నన్ను పారేయలేదు. ఎందుకో చెప్పలేదు, నేనూ అడగలేదు.

నాకు ఒక్కటే కొరత. ఆ కాగితాల మీద జమున పేరు ఉంది, తియాగో పేరు ఉంది, బుచ్చవ్వ వేలు ఉంది, సుగుణ ముద్ర ఉంది, గిర్దావర్ సంతకం కూడా ఉంది. ఆ పెళ్ళికి దారి ఇచ్చినవాడి పేరు మాత్రం ఏ వరుసలోనూ లేదు, ఏ భాషలోకీ మారలేదు. నాలో సిరా లేదు, నేనిక ఎక్కడా ఏమీ వేయలేను. అందుకని మిమ్మల్ని అడుగుతున్నాను. అతని పేరు రాజేశం. రేకులపల్లి బుచ్చవ్వ కొడుకు. ఒక పిల్ల చదువు అయ్యేదాకా ఆగినవాడు. గుర్తుపెట్టుకోండి.