ఎడమ తలుపు

మా బావ శాసనసభలో అడుగుపెట్టిన రోజు నుంచీ ప్రతిపక్షంలోనే ఉన్నాడు. మొదటిసారి తను గెలిచాడు, పార్టీ ఓడిపోయింది. రెండోసారి తను ఇంకా బాగా గెలిచాడు, పార్టీ ఇంకా ఘోరంగా ఓడిపోయింది. మూడోసారి కూడా అదే వరస వచ్చేసరికి, "మీ పార్టీ గెలవాలంటే ముందు మీ బావని ఓడించాలేమో సార్" అన్నాడు సెలూన్ అతను నా గడ్డం గీస్తూ. కత్తి గొంతు మీద ఉంది కదా, నవ్వి ఊరుకున్నాను.

నేను బావ దగ్గరే పనిచేస్తాను. కారు నడుపుతాను, ఫోన్లు ఎత్తుతాను, వచ్చినవాళ్ళని కూర్చోబెడతాను, ఆయనగారు చొక్కా గుండీ తప్పు కాజాలో పెట్టుకుంటే సభకు వెళ్ళేలోపు సరిచేస్తాను. దీన్నే గొప్పగా వ్యక్తిగత సహాయకుడు అంటారు. మా అక్క మాత్రం "కాపలా" అంటుంది.

రాజకీయాల్లోకి రాకముందు బావకి ఫ్యాన్లూ మోటార్లూ బాగుచేసే షాపు ఉండేది. ఎవరింట్లో ఫ్యాను ఆగినా, తింటున్న కంచం ముందు నుంచి లేచి వెళ్ళిపోయేవాడు. మొదటి ఎన్నికల్లో అతను చేసుకున్న ప్రచారం అంతకంటే పెద్దగా ఏమీ లేదు. ఇప్పటికీ ఏ ఇంట్లో అడుగుపెట్టినా ముందు పైకప్పు వైపే చూస్తాడు. ఒకసారి ఎవరో పోతే పరామర్శకు వెళ్ళాం. ఇంటావిడ ఏడుస్తోంది. ఈయన పైకి చూసి, "బేరింగ్ అరిగిపోయిందమ్మా, మార్పించండి" అన్నాడు. నేను కాలు తొక్కాను. విచిత్రమేమిటంటే ఆవిడ కళ్ళు తుడుచుకుని, "ఆయన కూడా అదే అంటుండేవారు" అంది.

మా సభలో ఓట్లు లెక్కపెట్టే పద్ధతి ఒకటుంది. బిల్లుకు ఒప్పుకునేవాళ్ళు కుడి తలుపు గుండా, ఒప్పుకోనివాళ్ళు ఎడమ తలుపు గుండా వరండాలోకి వెళ్ళాలి. గడప దగ్గర గుమస్తా నిలబడి తలలు లెక్కపెడతాడు. గడప దాటాక వెనక్కి రావడం కుదరదు. ఇన్నేళ్ళ ప్రతిపక్షంలో బావకి ఎడమ తలుపు తప్ప మరోటి తెలియదు. పైగా దాని అవతలే క్యాంటీను. గంట మోగితే చాలు, మనిషి అటు నడిచిపోతాడు. తోటి సభ్యులు అతనికి "వద్దుగారు" అని పేరు పెట్టారు. పిలిస్తే పలికేవాడు కూడా.

నాలుగోసారి బావ మళ్ళీ గెలిచాడు. ఈసారి, ఎవరూ నమ్మలేదు గానీ, పార్టీ కూడా గెలిచింది. బొటాబొటీ మెజారిటీ. ఒక్కళ్ళు జారినా ప్రభుత్వం పరువు పోయేంత సన్నటి మెజారిటీ.

బావకి మంత్రి కావాలని ఉండేది. ఉండేది అంటే మామూలుగా కాదు, పిచ్చిగా ఉండేది. స్నానాలగదిలో గొంతు సవరించుకుని ప్రమాణస్వీకారం చేసేవాడు. కుళాయి శబ్దంలో మాకు వినపడదనుకునేవాడు. మా అక్క బయటి నుంచి, "మంత్రిగారూ, నీళ్ళు అయిపోతున్నాయి!" అని అరిచేది. మొదటి జాబితాలో పేరు రాలేదు. విస్తరణలో తప్పకుండా చూద్దామని ముఖ్యమంత్రి, అంటే మేమంతా పెద్దాయన అనే ఆయన, భుజం తట్టి చెప్పాడు. ఆ భుజాన్ని బావ చాలారోజులు జాగ్రత్తగా మోసుకుతిరిగాడు.

అప్పుడొచ్చింది ఆ బిల్లు. చిన్న ఊళ్ళ ఆసుపత్రుల్లో కాన్పుల వార్డులన్నీ మూసేసి, జిల్లాకొకటి చొప్పున పెద్ద ఆసుపత్రి కడతారట. బొమ్మల్లో భవనాలు అద్దాలతో ధగధగలాడుతున్నాయి. మా ఊరి నుంచి అక్కడికి వెళ్ళాలంటే గుంతల రోడ్డు, మధ్యలో రైల్వే గేటు. గేటు పడిందంటే నిండు నెలల మనిషి దాని ముందు కూర్చుని రైలు కోసం ఎదురుచూడాలి. మా ఊరి వార్డులో హెడ్ నర్సు మా అక్కే.

బిల్లుకు అందరూ ఓటెయ్యాల్సిందేనని పార్టీ విప్ జారీ చేసింది. బావ మొహం వేలాడేసుకుని ఇంటికొచ్చాడు.

"ఇప్పుడు సరేననాలి, తప్పదు. మంత్రినయ్యాక మన ఊరికి వేరే వార్డు తెస్తాను. మాటిస్తున్నాను" అన్నాడు.

"అలాగే. ఈలోగా పుట్టేవాళ్ళని కాస్త ఆగమని చెప్తాను లెండి" అంది అక్క, దుప్పటి మడతపెడుతూ.

తర్వాత నేను అక్కని వంటింట్లో నిలదీశాను. "వద్దని గట్టిగా ఒక్క మాట అనొచ్చు కదే?"

"నేనంటే వింటారు. అందుకే అనను. నేను ఏడ్చి వేయించుకున్న ఓటు నాకెందుకురా? రేపు పదవి రాకపోతే జీవితాంతం నా మొహంలో ఆ పదవే కనబడుతుంది ఆయనకి."

నాకు అక్క మీద కోపం వచ్చింది. ఆ మాట నిజం కావడం వల్ల ఇంకా వచ్చింది.

ఓటింగు రోజు నేను సందర్శకుల గ్యాలరీలో ఉన్నాను. ఉపన్యాసాలు సాగాయి, సాగాయి, బావ గడ్డం ఛాతీకి ఆనింది. ఇంతలో గంట మోగింది. ఉలిక్కిపడి లేచాడు. నిద్రమొహంతో, పాత స్నేహితుడైన ఒక ప్రతిపక్ష సభ్యుడి భుజం మీద చెయ్యేసి, వాళ్ళింటి నీళ్ళ మోటారు సంగతేదో అడుగుతూ నిక్షేపంగా ఎడమ తలుపు వైపు నడిచాడు. గ్యాలరీలో నోరు తెరిస్తే బయటికి గెంటేస్తారు. నేను గాలిలో చేతులు ఊపాను. పక్కావిడ నాకేదో జబ్బనుకుని దూరం జరిగింది.

గడప దాటాడు. కాఫీ చెప్పాడు. కాఫీ చేతికొచ్చాక చుట్టూ చూసి, "ఏంటి, ఇక్కడంతా మీవాళ్ళే ఉన్నారు?" అన్నాడట. అప్పుడు నాలుక కరుచుకున్నాడట. బిల్లు ఒక్క ఓటుతో ఓడిపోయింది.

మేం ఊరు చేరేసరికి ఇంటి ముందు వీధి పట్టనంత జనం. ఊరి కోసం సొంత పార్టీనే ఎదిరించిన మొనగాడని అరుస్తున్నారు. బావని కారులోంచి దిగనివ్వకుండా అలాగే ఎత్తేశారు. గాల్లో ఉన్న బావ మొహం చూశాను. పరీక్షలో పక్కవాడిది చూసి రాసి ఫస్టొచ్చినవాడి మొహం అది.

జనం వెళ్ళాక తలుపు వేసి అక్కకి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. అక్క గోడ పట్టుకుని, పొట్ట పట్టుకుని నవ్వింది. కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి. ఇన్నాళ్ళు ఆపుకున్నదంతా ఆ నవ్వులోంచి పోయింది కాబోలు, చివర్లో ఆ నీళ్ళు నవ్వుకి వచ్చినవేనా అని నాకు అనుమానం వచ్చింది.

ఆ వారంలోనే పెద్దాయన పిలిపించాడు. కోప్పడతాడనుకున్నాం. కాఫీ ఇచ్చాడు, అదింకా భయం.

"నిద్రమత్తులో వెళ్ళావని నాకు తెలుసయ్యా. ఓటు పొరపాటున పడిందని సభ్యుడు సభలో లేచి చెప్పుకుంటే, ఓటింగు మళ్ళీ పెట్టొచ్చు. రూలుంది. నిన్ను అబద్ధం చెప్పమనట్లేదు, నిజమే చెప్పు. చెప్పి, ఈసారి కుడి తలుపు గుండా వెళ్ళు. విస్తరణలో ఆరోగ్య శాఖ నీదే."

బావ పైకి చూశాడు. అక్కడ ఫ్యాను లేదు, ఏసీ ఉంది. చూడ్డానికి ఏమీ దొరక్క మళ్ళీ కిందికి చూశాడు.

"చెబుతానండి" అన్నాడు.

తిరుగుదారిలో బావ కిటికీకి ఆనుకుని కూర్చున్నాడు. ఉండబట్టలేక నేనే అన్నాను. "బావా, నా మనసులో మాట చెప్పమంటావా? నాకు మంత్రిగారి బావమరిదిని అనిపించుకోవాలనుంది. తెల్లకారు నడపాలనుంది. అక్కకి చెప్పకు."

నవ్వాడు. తర్వాత అద్దంలోంచి బయటికి చూస్తూ అన్నాడు. "పొద్దున ఒకావిడ మనవరాలిని చంకనేసుకుని వచ్చిందిరా. నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. 'నువ్వు లేకపోతే ఏమైపోయేవాళ్ళం నాయనా' అంది. నేను షాపులో ఉన్నప్పుడు ఎప్పుడైనా మోటారు బాగుచెయ్యకుండా కూలి తీసుకున్నానా?"

"లేదు."

"ఇప్పుడు తీసుకున్నాను. అది లోపల గుచ్చుతోంది."

ఆ వారం స్నానాలగదిలో ప్రమాణస్వీకారం వినబడలేదు. కుళాయి శబ్దం ఒక్కటే వచ్చేది. ఆ నిశ్శబ్దం భరించలేక అక్కే వెళ్ళి తలుపు తట్టి, "ఉన్నారా?" అని అడిగింది.

సభ కిక్కిరిసింది. స్పీకర్ పేరు పిలవగానే బావ లేచాడు. గుండీలు అన్నీ సరిగ్గానే ఉన్నాయి, నేను చూశాను.

"అధ్యక్షా, పోయినసారి నేను పొరపాటున ఎడమ తలుపు గుండా వెళ్ళాను. నిద్రమత్తు, పాత అలవాటు. అంతకుమించి గొప్పతనం ఏమీ లేదు. మా ఊరివాళ్ళు నన్ను ఎత్తుకుని ఊరేగించారు. వాళ్ళకి క్షమాపణ చెబుతున్నాను."

అధికార పక్షం బల్లలు చరిచింది. పెద్దాయన చిరునవ్వుతో వెనక్కి వాలాడు. స్పీకర్ రూలు చదివి, ఓటింగు మళ్ళీ జరుగుతుందని ప్రకటించాడు. గంట మోగింది.

బావ బెంచీ దాటి, మధ్యలో ఒక్క క్షణం నిలబడ్డాడు. కుడివైపు పార్టీ అంతా దారి ఇచ్చి చూస్తోంది. అతను ఎడమవైపు తిరిగాడు. నిద్రమత్తులో ఎంత తేలిగ్గా నడిచాడో, ఆ రోజు అంత బరువుగా నడిచాడు. గడప దగ్గర గుమస్తాకి అనుమానమొచ్చింది.

"అయ్యా, ఇది ఎడమ తలుపండి" అన్నాడు మెల్లగా.

"తెలుసు బాబూ. ఈసారి లెక్కలో రాసుకో" అన్నాడు బావ.

నేను గ్యాలరీలో లేచి నిలబడి చప్పట్లు కొట్టాను. నన్ను బయటికి గెంటేశారు. తెల్లకారు మీద ఆశ చచ్చిపోయినందుకు ఏడుపు, మా బావని చూసి గర్వం, రెండూ ఒకేసారి వచ్చాయి. మెట్ల మీద కూర్చుని రెంటికీ కలిపి ముక్కు చీదుకున్నాను.

బిల్లు మళ్ళీ ఓడింది. పార్టీ బావని సస్పెండ్ చేసింది. విస్తరణలో ఆరోగ్య శాఖ ఇంకెవరికో పోయింది. ఆ ప్రమాణస్వీకారం టీవీలో వస్తుంటే బావ చివరిదాకా చూసి, "ఆయన గొంతు బాగుంది" అని ఒప్పుకున్నాడు. ఈసారి ఊళ్ళో ఎవరూ ఎత్తుకోలేదు. నిజం చెప్పేశాడు కదా, కొంతమందికి కాస్త చప్పబడింది. దానికి బావ హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు.

టీవీలో ప్రమాణస్వీకారం చూసిన సాయంత్రమే, అక్క డ్యూటీ దిగే వేళకి ఇద్దరం వార్డుకు వెళ్ళాం. వరండాలో ఉన్నది ఒక్కటే కుర్చీ. అందులో ఒక కుర్రాడు గోళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాడు. పొరుగు జిల్లా మనిషట, ప్రయాణం మధ్యలో భార్యకి నొప్పులొస్తే ఇక్కడ దిగారట. మేం గోడకానుకుని నిలబడ్డాం. లోపల పసిబిడ్డ ఏడుపు వినబడింది. అక్క తలుపు తీసి, "ఆడపిల్ల. ఇద్దరూ బాగున్నారు" అని చెప్పి లోపలికి వెళ్ళిపోయింది. కుర్రాడు లేచి వచ్చి, నవ్వుతూ ఏడుస్తూ బావ రెండు చేతులూ పట్టుకుని ఊపేశాడు.

కాసేపటికి తేరుకుని, మొహం తుడుచుకుని, "మీరెవరండీ?" అని అడిగాడు.

ఎమ్మెల్యేని అంటాడని నేను ఎదురుచూశాను. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్నకి బావ మరో జవాబు చెప్పగా నేను వినలేదు.

"ఇప్పుడొచ్చిందే నర్సమ్మగారు, ఆవిడ భర్తని" అన్నాడు బావ.

ఆ కుర్రాడు గబుక్కున కుర్చీ దగ్గరికి వెళ్ళి, దాని మీద దుమ్ము లేకపోయినా చేత్తో దులిపి, "కూర్చోండి సార్, మీరు కూర్చోండి" అన్నాడు. మా బావ కూర్చున్నాడు.