మబ్బుల డ్యూటీ

నేను ఏ సర్టిఫికేషన్ చేయాలో నాకంటే ముందు కల్లు మండువలో ఖాయమైపోయింది. మా బాపు లక్ష్మీరాజం చెట్లెక్కడం మానేశాక ఆ మండువలోనే కల్లు పోస్తుంటాడు. ఒక సాయంత్రం కల్లు లొట్లు సర్దుతూ, "మా నవ్య క్లౌడ్ చేస్తాంది" అన్నాడట. క్లౌడ్ అంటే ఏందని ఎవరో అడిగారు. మబ్బు అని ఇంకెవరో చెప్పారు. "అయితే నువ్వు తాటిచెట్టు కొసదాంకనే ఎక్కినవు రాజన్నా, నీ బిడ్డ మబ్బుల దాంక ఎక్కుతది" అన్నాడు మొదటివాడు. అంతే, ఆ మాట బాపుకు ఎంత నచ్చిందంటే మా మల్లాపూర్‌లో ఆయన చెప్పని మనిషి లేడు. చివరికి బస్సు కండక్టరుకు కూడా చెప్పాడు. నేను కోరుట్ల బస్సెక్కితే చాలు, "ఏం బిడ్డా, మబ్బుల డ్యూటీ ఎప్పటిసంది?" అని ఆయన టికెట్టు కంటే ముందు ఆ ప్రశ్న చించి ఇచ్చేవాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కేది.

ఈ క్లౌడ్‌ను మా ఇంట్లోకి తెచ్చింది శ్రీహరి మామ. అమ్మకు సొంత తమ్ముడు. జగిత్యాలలో టవర్ దగ్గర కోచింగ్ సెంటర్ నడుపుతాడు. సెంటర్ గోడ మీద పెద్ద నిచ్చెన బొమ్మ వేయించాడు. ఒక్కో మెట్టు మీద ఒక్కో సర్టిఫికేషన్ పేరు. అన్నిటికంటే పైన క్లౌడ్ ఆర్కిటెక్ట్, దాని పక్కన కోటు వేసుకుని నవ్వుతున్న ఒక ఫారిన్ ఆయన. అన్నిటికంటే కింద నెట్‌వర్కింగ్‌లో మొదటి సర్టిఫికేషన్, దాని పక్కన ఎవరూ లేరు. ఐటీలోకి కొత్తగా వచ్చేవాళ్లు అక్కడి నుంచి మొదలుపెట్టడం మంచిదని నేను చదివాను. మామ మాత్రం పిల్లలందరినీ నేరుగా పైమెట్టు మీదికి ఎగరేస్తాడు. కిందిదాని గురించి అడిగితే, "గది వైర్లు గుంజేటోళ్లది" అని తేల్చేస్తాడు.

నాకు కావాల్సింది ఆ వైర్లు గుంజేవాళ్లదే.

డిగ్రీ అయిపోయాక ఇంట్లో ఖాళీగా కూర్చోలేక కోరుట్లలో ఒక ఇంటర్నెట్ ఆఫీసులో చేరాను. కంప్లైంట్ ఫోన్లు ఎత్తడం నా పని. కోతులు వైరు తెంపినా, ఇంట్లో పిల్లలు స్విచ్చి కట్టేసినా అవతలి మనిషి చెప్పేది ఒకటే మాట, "నెట్ అస్తలేదు." ఒకరోజు ఒక బట్టల దుకాణం నుంచి పొద్దంతా అదే మాట. లైన్‌మన్ మధుకరన్న స్తంభం ఎక్కి దిగి, వైరు సక్కగనే ఉందన్నాడు. నేను ఆ దుకాణదారుతో ఫోన్‌లో ఒక్కొక్కటే అడుగుతూ పోయి, అక్కడున్న రెండు వైఫై డబ్బాలకూ ఒకే అడ్రస్ పడిందని పట్టుకున్నాను. రెండిళ్లకు ఒకటే ఇంటి నెంబరు వేస్తే ఉత్తరాలు తెచ్చేవాడు ఏం చేస్తాడు? అదే గొడవ. ఒకదాని అడ్రస్ మార్పించాను, నెట్ వచ్చింది. ఆ రోజు సాయంత్రం దాకా నా కాళ్లు నేల మీద నిలవలేదు. నాకు ఈ పనే కావాలి, ఇంకా బాగా రావాలి అనుకున్నాను.

ఇదంతా మామకు చెప్పాలనే జగిత్యాల వెళ్లాను. బాపు, అమ్మ కూడా వచ్చారు. వాళ్లు నన్ను క్లౌడ్‌లో చేర్పించడానికి వచ్చారు.

"నెల రోజులే బావా. పాస్ గ్యారంటీ" అన్నాడు మామ, బాపుకు కుర్చీ జరుపుతూ. "హైదరాబాద్ కంపెనీ ఒకటి మనకాడికే అచ్చి పిల్లలను తీసుకుంటది. కాని క్లౌడ్ పాసైనోళ్లనే తీసుకుంటది."

"నెల రోజుల్ల నేనెట్ల పాసైత మామా? నాకు మొదటి అక్షరం తెల్వదు" అన్నాను.

"నీకెందుకు తెల్వాలె? పరీక్షనాడు నువ్వు మీ ఇంట్ల కెమెరా ముంగట కూసో. మౌసు ఇక్కడికెల్లి మా పిలగాడు తిప్పుతడు."

"మరి నా పనేంది? కండ్లు ఆర్పుడా?"

అమ్మ నా తొడ గిల్లింది. మామ హాయిగా నవ్వాడు. ఆయనకు కోపం రాదు. ఆయనతో ఉన్న చిక్కే అది.

"మరి ఉద్యోగంల అడిగితే ఏం జెప్పాలె?"

"ఉద్యోగమే అన్ని నేర్పుతది బిడ్డా. మీటింగుల ఎవలన్న అడిగిండ్రనుకో, మ్యూట్ల పెట్టి నాకు ఫోన్ జెయ్."

నవ్వు, కోపం రెండూ కలిసి వచ్చాయి. కోపమే గెలిచింది. "నేను చెయ్య. నాకు కిందిదే కావాలె. నేనే చదువుకుంట, నేనే రాస్త" అన్నాను. గొంతు కొంచెం పెద్దదే అయినట్టుంది, లోపల క్లాసులో ఉన్నవాళ్లు తలలు తిప్పి చూశారు.

బాపు తన మాట బస్టాండుకు వచ్చాక చెప్పాడు. చెట్టు మీది నుంచి జారినప్పటి నుంచి ఆయన కుడి మోకాలు మడత పడదు. బెంచీ మీద ఆ కాలు చాపుకుని, నా వైపు చూడకుండా మొదలుపెట్టాడు.

"కష్టపడి ఎక్కినోన్ని నేను లేనా? ఏమచ్చింది? మోకాలు పాయె. అలకగ అచ్చేదాన్ని కాలుతోని తంతానంటవు. పదిమందిల చెప్పుకున్న. ఇప్పుడు నా బిడ్డ మబ్బులకెల్లి దిగి వైర్లు గుంజుతాందని చెప్పాల్నా?"

నా సుఖం కోరే అంటున్నాడని తెలుసు, ఆ తెలిసిందే ఎక్కువ బాధ పెట్టింది. అయినా అన్నాను.

"చెప్పు బాపూ. గట్లనే చెప్పు."

ఆ తర్వాత మా ఇంట్లో మాటలు బందయ్యాయి. అమ్మ నా ముందు కంచం పెట్టే చప్పుడులోనే ఆమె అభిప్రాయం తెలిసిపోయేది. నేను ఆఫీసులో ఫోన్లు మోగనప్పుడల్లా వీడియోలు చూస్తూ చదువుకున్నాను. "నువ్వు గవి మంచిగ నేర్సుకుంటే నన్ను ఉత్తగ స్తంభం ఎక్కియ్యవు గదా, నేర్సుకో చెల్లె" అన్నాడు మధుకరన్న. ఆ మొత్తం కాలంలో నన్ను మెచ్చుకున్నది ఆయనొక్కడే, అదీ ఆయన స్వార్థం కొద్దీ. అన్నీ అర్థమయ్యాయి గానీ, నెట్‌వర్క్ అడ్రసులను ముక్కలుగా విడగొట్టే లెక్కలు మాత్రం ఎంత కొట్టుకున్నా బుర్రకెక్కలేదు.

పరీక్షకు కరీంనగర్‌లో తేదీలు దొరకలేదు, సిరిసిల్లలో దొరికింది. పొద్దున్నే బయల్దేరుతుంటే బాపు ఉతికిన అంగీ తొడుక్కుని వాకిట్లో నిలబడి ఉన్నాడు. "ఒక్కదానివి గంత దూరం ఎట్ల పోతవు" అన్నాడు. ఆ మాటతోనే నాతో పాటు బస్సెక్కాడు.

ఆ సెంటర్ ఒక గల్లీలో, మేడ మీద ఉంది. చుట్టూ ఇళ్లలో సాంచాలు నడుస్తున్నాయి, ఆ మరమగ్గాల చప్పుడు మెట్ల దాకా వస్తోంది. గుమ్మం దగ్గర ఒక మేడమ్ నా ఫోను, గడియారం, చెవి కమ్మలు తీయించింది. జేబులు తిరగేసి చూపమంది. ఆధార్ కార్డులోని ముఖాన్నీ నా ముఖాన్నీ మార్చి మార్చి చూసింది. లోపల కెమెరా ఉంటుందని, పక్కకు చూస్తే పరీక్ష రద్దని చెప్పింది. కమ్మలు బాపు అరచేతిలో పెట్టాను. ఆయన ఇదంతా కళ్లప్పగించి చూస్తున్నాడు.

"మాకు చెట్టెక్కే లైసెన్సు ఇచ్చినప్పుడు గూడ గిట్లనే" అన్నాడు ఆ మేడమ్‌తో. "ఎక్సైజు సార్లు తాటిచెట్టు కింద నిలవడి సూసేటోళ్లు. ఒకని పేరు మీద ఇంకొకడు ఎక్కుతానంటే ఎల్లగొట్టిండ్రు."

ఆమెకు ఏమీ అర్థం కాలేదు. నన్ను లోపలికి పొమ్మంది.

ఫేలయ్యాను. ఆఖరి ప్రశ్న అయిన వెంటనే ఆ సంగతి తెర మీద కనబడింది. సాంచాల చప్పుడుకు బుర్ర పనిచేయలేదని చెప్పుకోవచ్చు. చెప్పుకోను. ఆ చప్పుడులోనే సిరిసిల్ల పిల్లలు పుట్టి పెరిగి చదువుకుంటున్నారు. నాకు ఆ అడ్రసుల లెక్కలు రాలేదు, అందుకే ఫేలయ్యాను. బయటికి వచ్చి బాపుకు ఇదే చెప్పాను. మెట్ల మీద కాలు చాపుకుని కూర్చున్న ఆయన పిడికిలి విప్పాడు. "కమ్మలు పెట్టుకో" అన్నాడు. బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. సిగ్గుతో కాదు, కోపంతో. సరే, కొంచెం సిగ్గు కూడా ఉంది.

ఆ ఆదివారం పెగడపల్లిలో మా పెద్దమ్మ బిడ్డ గీతకు పుట్టింటి ఒడిబియ్యం పోశారు. చుట్టాలంతా వచ్చారు, మామ కూడా వచ్చాడు. అమ్మ నన్ను పక్కకు లాగి, "ఎవలన్న అడిగితే రిజల్ట్ ఇంక రాలేదను" అంది. మామ అడగనే అడిగాడు, అదీ అందరం బంతిలో కూర్చుని తింటున్నప్పుడు.

"ఏం నవ్యా, సిరిసిల్లకు పోయినవట. ఏమాయె?"

"రిజల్ట్ ఇంక రాలే తమ్మీ" అంది అమ్మ గబగబా.

"అచ్చింది మామా. ఫేలైన" అన్నాను. "మల్ల రాస్త. మల్ల ఫేలైతే మల్ల రాస్త. మౌసు మాత్రం నేనే తిప్పుత."

పక్కవాళ్ల ముద్దలు నోటి దగ్గరే ఆగిపోయాయి. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మామ ఎప్పటిలాగే నవ్వి బాపు వైపు తిరిగాడు.

"నేను జెప్పలేదా బావా? నా సెంటర్ల ఇన్నేండ్లసంది ఒక్కలంటే ఒక్కలు ఫేల్ కాలే. అచ్చే నెల కంపెనీ అస్తాంది. మేనకోడలని ఒక్క సీటు ఆపి పెట్టిన. నవ్యకు తెల్వదు, చిన్నది. నువ్వన్న ఊఁ అను. గీ సీటు పోతే మల్ల రాదు."

బంతి మొత్తం బాపు వైపు చూసింది. నేను చూడలేకపోయాను. ఆయన ఒక్క మాట అంటే చాలు, నేను ఎంత మొండికేసినా ఆ పెద్దమనుషులందరి మధ్య నాకు నిలబడే చోటు ఉండదు. బాపు నోట్లో ముద్ద మింగాడు, నీళ్లు తాగాడు.

"వద్దు బామ్మర్దీ. సీటు ఇంకెవలికన్న ఇయ్యి" అన్నాడు. "సిరిసిల్లల నేను గుమ్మం కాడనే ఉన్న. చెవుల కమ్మలు గూడ తీపిచ్చి లోపటికి పంపిండ్రు."

"పంపితే ఏం లాభం బావా, ఫేలాయె గదా. గింతమందిల గట్టిగ చెప్పుకునే మాటనా గది?"

"గట్టిగనే చెప్త" అన్నాడు బాపు. నిజంగానే గొంతు పెంచాడు, అవతల వంటల దగ్గరున్న వాళ్లకు కూడా వినబడేలా. "నా బిడ్డ ఫేలైంది. అంటే, రాసింది నా బిడ్డే."