యాడ్-ఆన్ కార్డు

కొరమేను చేతిలోంచి జారి సింకులో పడింది. సిల్వియా మరికాస్త బూడిద అద్దుకుని దాన్ని మళ్లీ ఒడిసిపట్టింది. సరిగ్గా అప్పుడే రాజ్ కుమార్ వంటింట్లోకి వచ్చి ఫోను ఆమె మొహం ముందు పెట్టాడు.

"సిల్వీ, తమ్ముడూ చెల్లీ లైన్లో ఉన్నారు. విమానం మైళ్లు ఎక్కువొచ్చే క్రెడిట్ కార్డు కావాలంట వాళ్లకి. కాస్త చూసిపెట్టు. నువ్వు ఖాళీయే కదా!"

ఒక చేతిలో చేప, రెండో చేతిలో బూడిద. ఖాళీ!

తెరమీద ఒక పక్క దుబాయ్‌లో ఉన్న మరిది మధుబాబు, ఇంకో పక్క మెల్‌బోర్న్‌లో ఉన్న ఆడపడుచు దేవకుమారి.

"వదినా, మా కొత్తింటి గృహప్రతిష్ఠకి అన్నయ్యలిద్దరూ రావాలి. అదీ బిజినెస్ క్లాసులో. మా వీధిలో వాళ్లంతా చూడాలి!" అంది దేవకుమారి.

"మన వదిన ఉండగా ట్రావెల్ ఏజెంటెందుకే? జీతం కూడా అడగదు," అన్నాడు మధుబాబు. ముగ్గురూ నవ్వారు. చేప మళ్లీ జారింది.

మైళ్ల విద్య సిల్వియాకి సరదాగా అబ్బింది కాదు. ఏలూరులో ఒక బ్యాంకులో చేసే ఉద్యోగాన్ని, మండవల్లిలో చేపల చెరువులు తీసుకున్న ఏడాది మాన్పించాడు రాజ్ కుమార్. "బయటివాళ్ల లెక్కలు చూసేబదులు మన లెక్కలు చూడు," అన్నాడు. చూసింది. మేతకి ఏ కార్డు వాడితే పాయింట్లొస్తాయి, డీజిల్‌కి ఎందుకు రావు, ఏ నెలలో మారిస్తే విమానం మైళ్లు ఎక్కువ పడతాయి, అన్నీ తనే నేర్చుకుంది. పిల్లాడి ఫీజు, అత్తగారి మందులు, చెరువులకి మేత, అన్నీ ఆమె చేతిలోని కార్డు మీదే. ఆ మైళ్లతోనే అత్తగారు కనకమ్మకి జెరూసలేం యాత్ర టికెట్లు కొంది. తోడుగా తను వెళ్లాలని పాస్‌పోర్టు తీయించుకుంది. టికెట్లో పేరెక్కించే ముందే రాజ్ కుమార్ తేల్చేశాడు. "అమ్మని నేను తీసుకెళ్తాలే. నీకు ఇంగ్లీషులో మాట్లాడ్డం భయం కదా." ఆ టికెట్ల కోసం విమానం కంపెనీ వాళ్లతో వారం పాటు ఇంగ్లీషులో పోట్లాడింది ఎవరో అతనికి గుర్తు లేదు. ఆ పాస్‌పోర్టులో ఇప్పటికీ ఒక్క ముద్ర లేదు.

అన్నం తిని మొగుడు నిద్రపోయిన మధ్యాహ్నం, సిల్వియా మూడు దేశాల కార్డులు ముందేసుకుని కూర్చుంది. దుబాయ్ కార్డు చేరగానే దోసిలి నిండా మైళ్లు పోస్తుంది, ఏడాది తిరగ్గానే ఫీజు రూపంలో ముక్కుపిండి వసూలు చేస్తుంది. మెల్‌బోర్న్ కార్డు అంతకన్నా దొడ్డ మనసు చూపిస్తుంది గానీ, మొదటి నెలల్లోనే బోలెడంత ఖర్చు పెట్టాలంటుంది. గడువు దాటితే అంతే సంగతులు. మన కార్డు చెంచాడు చెంచాడుగా విదిలిస్తుంది. ఎవరికి వారివే షరతులు, ఎవరి మాయ వారిదే. కానీ చిన్న అక్షరాల్లోకి దిగేసరికి ఆమె వేలు ఆగిపోయింది. ఒక్క నిబంధన మాత్రం మూడుచోట్లా కనబడింది. ఇంట్లోవాళ్లకి తోడుగా ఇచ్చే యాడ్-ఆన్ కార్డు మీద ఎవరు ఎంత ఖర్చు పెట్టినా, మైళ్లు అసలు కార్డుదారుడి ఖాతాకే చేరతాయి.

దేశం మారింది, కరెన్సీ మారింది, ఈ మాట మారలేదు! తన పేరుతో ఓ కార్డు కోసం తనూ దరఖాస్తు పెట్టింది ఒకసారి. వృత్తి అన్నచోట గృహిణి, ఆదాయం అన్నచోట సున్నా. మర్నాడే తిరస్కరించారు. రాజ్ కుమార్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "నీకెందుకే కార్డు? నా కార్డుకి నువ్వు యాడ్-ఆన్‌వి కదా!" చెరువుల లెక్కలన్నీ చూసే మనిషికి ఆదాయం సున్నా. గట్టు మీద గొడుగేసుకుని నిలబడేవాడు అసలు కార్డుదారుడు. అతను నిద్రలో గురక పెట్టినా మైళ్లు అతనికే పడతాయి.

ఆ మైళ్లలో ఒక్క టికెట్ మాత్రం ఆమెకి కావాలి. అక్క క్యాథరిన్ మస్కట్‌లో నర్సు. ఒంటరి మనిషి. వచ్చే మంగళవారం గర్భసంచి తీసేస్తున్నారు. "నాకు భయంగా ఉందే. ఒక్క పది రోజులు రా," అని వీసా కూడా పంపించింది. అమ్మ పోయాక తనకి తలదువ్వి జడేసి బడికి పంపిన అక్క. భయం అన్న మాట ఆమె నోట సిల్వియా ఎన్నడూ వినలేదు. సెలవుల్లో ఉన్న పిల్లాడికి కావలసినవన్నీ సర్దిపెట్టి, భర్తని అడిగింది. "ఏవండీ, ఒక్క టికెట్‌కి మైళ్లు వాడుకుంటానండీ."

"ఆ మైళ్లు చెల్లి గృహప్రతిష్ఠకి," అన్నాడు ఫోన్లోంచి తల ఎత్తకుండా. "అయినా మీ అక్క ఉండేది హాస్పిటల్లోనేగా. నర్సుని చూసుకోడానికి అక్కడ నర్సులు లేరా?"

కనకమ్మ కూడా కిసుక్కున నవ్వింది.

శుక్రవారం చెరువు పట్టుబడి. ఆ రోజు వాళ్లింట్లో ఒక పద్ధతి ఉంది. తెల్లారేసరికి రాజ్ కుమార్ మండవల్లిలో గట్టు మీద ఉంటాడు. వల లాగేవాళ్ల అరుపులు, ట్రేల చప్పుడు, లారీల హారన్లు. ఐసుకి, లారీకి, కూలీల భోజనాలకి డబ్బు కట్టేది మాత్రం ఏలూరులో వంటింటి బల్ల దగ్గర కూర్చున్న సిల్వియా. ఓటీపీ వచ్చేది అతని ఫోనుకి. ఆమె అడుగుతుంది, అతను గట్టు మీంచి అరుస్తాడు. దేనికని అడగడు. అడిగేంత విలువ ఆమె పనికి అతను ఎన్నడూ ఇవ్వలేదు.

ఐసుది అయింది. లారీది అయింది. బల్లకి అటుపక్క కనకమ్మ కూర్చుని గోరుచిక్కుళ్లు తుంచుతోంది. సిల్వియా ల్యాప్‌టాప్‌లో విమానం కంపెనీ పేజీ తెరిచింది. గన్నవరం నుంచి హైదరాబాద్ మీదుగా మస్కట్. ప్రయాణికురాలు ఒకరు. టికెట్ బటన్ నొక్కింది. ఫోను స్పీకర్లో పెట్టింది.

"ఏవండీ, ఇంకో ఓటీపీ వచ్చుంటుంది చూడండి."

"వచ్చింది, రాసుకో. ఏడు, మూడు... ఒరేయ్, ఆ మూల వదిలేశారేంట్రా! పైకి లాగండి!"

"ఒక్క నిమిషమండీ. ఇది దేనికో చెబుతాను, వినండి."

"దేనికైతే నాకెందుకు? నీ పనులన్నీ నాకు చెప్పాలా?"

"మస్కట్ టికెట్‌కండీ. మన మైళ్లతో. నాకు." ఒక్కో మాటా విడివిడిగా పలికింది. "సోమవారం ప్రయాణం."

"ఆఁ ఆఁ, కానీ కానీ. మొదట్నుంచీ రాసుకో. ఏడు, మూడు, ఐదు, సున్నా, తొమ్మిది, ఒకటి. ఐసువాడిది అయిందా?"

"ఎప్పుడో అయిందండీ."

ఫోను పెట్టేశాడు. తెరమీద ఆకుపచ్చ టిక్కు పడింది. దాని కింద ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో ఆమె పేరు. పక్కన ఇంకెవరి పేరూ లేదు.

గోరుచిక్కుడు తుంచే చప్పుడు ఆగిపోయింది. "మస్కటా? ఒక్కదానివా?" కనకమ్మ కళ్లు పెద్దవయ్యాయి. "వాడు ఒప్పుకున్నాడా?"

"స్పీకర్లోనేగా పెట్టాను, మీరూ విన్నారుగా అత్తయ్యగారూ. సాయంత్రం ఇంటికొచ్చాక మళ్లీ చెబుతాను. అప్పుడూ వినకపోతే, గన్నవరంలో విమానమెక్కాక చెబుతాను."

"బాగానే ఉంది సంబరం! మరి దేవకుమారి గృహప్రతిష్ఠో?"

"మీ అబ్బాయిలు మామూలు సీట్లలో వెళ్తారండీ. కాళ్లు కాస్త ముడుచుకోవాలి. అలవాటవుతుంది."

సిల్వియా లేచి అటక మీంచి సూట్‌కేసు దించింది. జెరూసలేం వెళ్లొచ్చిన సూట్‌కేసే. దుమ్ము తుడిచింది.

"అది కాదే అమ్మాయ్," కనకమ్మ గొంతులో కోపం పోయి కంగారు మొదలైంది. "నువ్వెళ్లాక కూడా వాడు చెరువు మీంచి చేపలు తెస్తాడు కదా. నాకా చేతుల్లో పట్టు లేదు. అవి తోమేదెవరు?"

సిల్వియా పాస్‌పోర్టు తెరిచి, ముద్ర పడని తెల్లటి పేజీని ఒకసారి వేలితో నిమిరి, హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది.

"బూడిద పెరట్లో ఉందండీ అత్తయ్యగారూ. కొరమేను జారిపోతుంది, గట్టిగా పట్టుకోమనండి మీ అబ్బాయిని."